నొప్పి మోకాల్లో, జబ్బు తుంటిలో

కాలి గోళ్లు కత్తిరించుకోలేకపోయిన రోజు నాకు బాగా గుర్తు. 2022 సంక్రాంతికి ముందు ఆదివారం. వరండాలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని కుడి పాదాన్ని ఎడమ మోకాలి మీదకి ఎత్తుకుందామని చూస్తే కాలు సగం దాకా వచ్చి ఆగిపోయింది. నొప్పి అని కూడా కాదు, తలుపు వెనక ఎవరో బస్తా అడ్డం పెట్టినట్టు, ఇక రాదు, అంతే. చీలమండ పట్టుకుని లాగితే మాత్రం గజ్జలో సూది దిగినట్టయింది. మా ఆవిడ చూసి "పొట్ట పెరిగిందయ్యా, వంగలేకపోతుండావు" అని నవ్వి, నెయిల్ కట్టర్ తీసుకుని తనే కత్తిరించింది. నేనూ నవ్వాను. అప్పటికి నాకు 37 ఏళ్లు, పొట్ట ఉన్న మాట కూడా నిజమే.

నా తొడ ఎముక తల అప్పటికే చచ్చిపోతూ ఉందని తెలియడానికి ఇంకో తొమ్మిది నెలలు పట్టింది.

నాది సింగరాయకొండ దగ్గర. రొయ్యల గుంటలకి మేత సప్లై చేస్తాను. పొద్దున్నే బండేసుకుని బయల్దేరితే కట్ట మీద నడవడం, చెక్ ట్రే లాగి చూడటం, రైతుతో కౌంట్ గురించీ బాకీల గురించీ మాట్లాడటం, మళ్లీ బండెక్కడం, రోజుకి ఎన్నిసార్లు బండెక్కి దిగుతానో లెక్క లేదు. గోళ్ల సంగతి తర్వాత దెబ్బ తగిలింది అక్కడే. కుడి కాలు ఎత్తి సీటు మీదుగా అవతలికి వెయ్యలేకపోయేవాణ్ణి. బండిని ఎడమ పక్కకి బాగా వాల్చి, కాలు ఈడ్చుకుంటూ ఎక్కడం అలవాటు చేసుకున్నాను. మనిషి విచిత్రంగా ఉంటాడు, నొప్పికి కారణం వెతకడం కన్నా నొప్పి రాకుండా ఎట్టా ఎక్కాలో వెతుక్కుంటాడు.

నొప్పి ఎక్కడ అని అడిగితే మోకాలి మీద చెయ్యి పెట్టేవాణ్ణి. నిజంగా అక్కడే ఉండేది. మోకాలికి ఎక్స్‌రే తీశారు, బాగానే ఉంది. తర్వాత తొడ ముందు భాగం లాగుతోందంటే సయాటికా అన్నారు. మా ఊరి ఆర్ఎంపీ ఒక సూది వేస్తే రెండు గంటల్లో లేచి పరుగెత్తినంత పని చేశాను. ఆ సంతోషంలో పది రోజులకోసారి వెళ్లి వేయించుకున్నాను, మొత్తం నాలుగు. ఆ సీసాలో ఏముందని ఒక్కసారి కూడా అడగలేదు. తర్వాత, అన్నీ అయిపోయాక అడిగితే, "డెక్సానే కదన్నా, అందరికీ అదే కదా వేసేది" అన్నాడు. డెక్సా అంటే స్టెరాయిడ్. అతన్ని తిట్టడానికి నోరు రాలేదు, ఎందుకంటే అసలు కథలో నా తప్పు ఇంకా పెద్దది, అక్కడికే వస్తాను.

ఆ మధ్యలో ఒంగోలులో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి వెళితే నడుముకి ఎంఆర్ఐ రాశారు. ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ కొంచెం ఉబ్బింది అని వచ్చింది. ఇక అందరికీ ఒక పేరు దొరికింది, నాకూ మనశ్శాంతి. బెల్టు కొన్నాను, బల్ల మీద పడుకున్నాను, ఫిజియోథెరపీలో నడుముకి కరెంటు పెట్టించుకున్నాను. నలభై దగ్గర పడ్డ మనిషికి, ఏ నొప్పీ లేకపోయినా సరే, ఆ ఎంఆర్ఐ తీస్తే చాలామందికి అంత ఉబ్బు కనిపిస్తుందట, అది నాకు తర్వాత తెలిసింది. అదే మెషిన్‌లో ఇంకొక జానెడు కిందకి తీసి ఉంటే ఆ రోజే బయటపడేది.

ఆర్నెల్లు అట్టా పోయాయి. ఆ మధ్యలో తుంటికీ ఒక ఎక్స్‌రే తీశారు, అది కూడా నార్మల్. ఈ పోస్టులో ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి: ఈ జబ్బు మొదట్లో ఎక్స్‌రేలో కనపడదు. ఎక్స్‌రేకి కనపడేసరికి ఎముక లోపల చాలా జరిగిపోయి ఉంటుంది. ఎంఆర్ఐలో మాత్రం మొదట్లోనే తెలుస్తుంది, అదీ తుంటికి తీస్తేనే.

చివరికి పట్టుకున్నది ఇంకో డాక్టరు, వయసులో నాకన్నా చిన్నవాడే. నా ఫైలు, అంటే ఆ మందం ఫైలు, పక్కన పెట్టేసి వెల్లకిలా పడుకోమన్నాడు. కుడి మోకాలు ముడిచి, తొడని నిలువుగా పెట్టి, పాదాన్ని మెల్లిగా బయటి వైపుకి తోశాడు. అంతే. పది డిగ్రీలు కూడా తిరిగి ఉండదు, నేను టేబుల్ అంచు పట్టుకుని లేచి కూర్చున్నాను. ఎడమ కాలికి అదే చేస్తే ఏమీ లేదు. "నొప్పి ఎక్కడొచ్చింది?" అన్నాడు. గజ్జలో అన్నాను. "మోకాల్లో కాదుగా?" అని నవ్వాడు. తుంటి కీలుకి వెళ్లే నరం కొమ్మలే మోకాలికీ వెళ్తాయి కాబట్టి మెదడు చిరునామా తప్పుగా రాసుకుంటుంది అని చెప్పాడు. తర్వాత ఆయన అడిగిన రెండు ప్రశ్నలు, అంతకుముందు తొమ్మిది నెలల్లో ఎవరూ వరసగా అడగనివి. మందు తాగుతారా? స్టెరాయిడ్లు ఎప్పుడైనా వాడారా?

మొదటిదానికి లేదని గట్టిగా చెప్పాను. రెండోదానికి లేదని చెప్పబోయి ఆగాను.

2021 మే. ఆ నెల గురించి ఎవరికీ కొత్తగా చెప్పాల్సింది లేదు. ఒంగోలులో పది రోజులున్నాను, ఆక్సిజన్ మీద. రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్, అంటే అదే డెక్సా, వేశారు. అది తప్పు కాదు, ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే ఇది చదివి ఎవరో ఒకరు స్టెరాయిడ్ అంటేనే విషం అని వాట్సాప్‌లో పెడతారు. 2020లో బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ అని పెద్ద పరిశోధన జరిగింది, ఆక్సిజన్ మీదా వెంటిలేటర్ మీదా ఉన్న కోవిడ్ రోగులకి సరిగ్గా ఆ 6 మిల్లీగ్రాములు, పది రోజుల దాకా ఇస్తే చావులు తగ్గాయని తేల్చింది అదే. నేను ఈ రోజు కూర్చుని ఇది టైపు చేస్తున్నానంటే అందులో ఆ మందుకి వాటా ఉంది.

ఇంటికి పంపేటప్పుడు కాగితం మీద ప్రెడ్నిసొలోన్ రాశారు, అదీ స్టెరాయిడే. రోజుకి 40 మిల్లీగ్రాములు ఐదు రోజులు, 20 ఐదు రోజులు, 10 ఐదు రోజులు, ఆపెయ్యాలి. స్పష్టంగా రాశారు. కానీ ఆ మాత్రలు వేసుకున్నన్ని రోజులూ ఆకలి బ్రహ్మాండంగా ఉంది, ఒళ్లు తేలిగ్గా ఉంది, ఆపేసిన మూడో రోజుకి మంచం దిగబుద్ధి కాలేదు. అదే కాగితం పట్టుకుని మందుల షాపుకి వెళ్లాను. ఇచ్చారు. రోజుకో 20, ఇంకో రెండు నెలలు వేసుకున్నాను. ఎవరూ వెయ్యమనలేదు. నాకు నేనే డాక్టర్ని.

ఆ కుర్ర డాక్టరు కాగితం మీద లెక్క వేశాడు. 6 మిల్లీగ్రాముల డెక్సా అంటే 40 ప్రెడ్నిసొలోన్‌తో సమానం, పది రోజులకి 400. ఇంటి దగ్గర పదిహేను రోజుల కోర్సు 350. నా సొంత వైద్యం 1,200. మొత్తం 1,950. పుస్తకాల్లో ఈ ఎముక చావుకి మామూలుగా చెప్పే మొత్తం 2,000 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుందట. అది గీత కాదు అని కూడా చెప్పాడు, గీత దాటినవాళ్లలో చాలామందికి ఏమీ కాదు, దాటకుండానే కొందరికి వస్తుంది. 2021లోనే ముంబైలో కోవిడ్ తర్వాత ఈ ఎముక చావు వచ్చిన ముగ్గురి గురించి డాక్టర్లు ఒక పత్రం రాశారు, ముగ్గురూ 40 లోపు వాళ్లే, వాళ్లు వాడింది సగటున 758 మిల్లీగ్రాములు. అంతకుముందు 2003లో చైనా, హాంకాంగ్‌లలో సార్స్ వచ్చి తగ్గినవాళ్లలో కూడా, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు వాడినవాళ్లకి ఇదే జబ్బు కనపడింది. అంటే తెలియనిదేమీ కాదు. మనకి చెప్పేవాడు లేడు, మనం అడగం.

జబ్బు పేరు అవాస్కులర్ నెక్రోసిస్, పొట్టిగా ఏవీఎన్. మా వైపు "ఎముక కుళ్లింది" అంటారు, ఇంకొందరు "గుజ్జు అరిగింది" అంటారు. రెండూ తప్పే. కుళ్లడం అంటే చీము, క్రిమి ఉండాలి, ఇందులో అవి లేవు. గుజ్జు అరగడం చివర్లో జరిగేది. మొదట జరిగేది రక్తం అందకపోవడం. తొడ ఎముక పైకొసన గుండ్రటి తల ఉంటుంది, అది కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. ఆ తలకి రక్తం ఎక్కువగా వచ్చేది ఎముక మెడని చుట్టుకుని వెనక నుంచి పాకే సన్నటి నాళాల్లోంచి. వేరే దారులు ఉన్నా పేరుకే. సాగర్ కుడి కాలవ మీద చివరి ఆయకట్టు ఎట్టాగో ఇదీ అట్టాగే అనుకోండి, పైన ఎక్కడ ఏ చిన్న గండి పడ్డా, ఎవరు తూము ఎత్తినా, ముందు ఎండేది మన చేనే.

నీళ్లు ఆగిన రోజే పైరు పడిపోదు కదా, ఎముకా అంతే. చచ్చిన ఎముక కొన్నాళ్లు అట్టాగే నిలబడి ఉంటుంది, బరువూ మోస్తుంది. ఒళ్లు దాన్ని బాగుచేద్దామని చచ్చిన భాగాన్ని తవ్వి తీయడం మొదలుపెడుతుంది, కొత్తది కట్టేది మాత్రం నిదానంగా. ఆ మధ్య కాలంలో పైన మనం నడుస్తూ, మేత బస్తాలు మోస్తూ ఉంటాం. ఒక రోజు గుల్లయిన చోట లోపల చిట్లుతుంది. అప్పుడు ఎక్స్‌రేలో నెలవంక లాంటి గీత కనిపిస్తుంది. ఆ తర్వాత బంతి చపిడి అవుతుంది, చపిడి బంతి గిన్నెలో తిరిగి తిరిగి గిన్నెనీ పాడుచేస్తుంది. నాలుగు స్టేజీలుగా చెప్తారు.

నా రిపోర్టులో కుడిది మూడు. ఎడమది ఒకటి.

ఎడమది అనగానే ఏదో పొరపాటు అనుకున్నాను. ఎడమ కాలికి ఒక్క రోజు కూడా నొప్పి రాలేదు, డాక్టరు తిప్పినప్పుడు కూడా ఏమీ లేదు. దెబ్బ తగలకుండా వచ్చిన ఏవీఎన్‌లో సగానికి పైగా మందికి రెండు వైపులా ఉంటుందట, అందుకే నొప్పి ఒక పక్కే ఉన్నా ఎంఆర్ఐ రెండు తుంట్లకీ తీయాలి. ఆ నొప్పి లేని కాలే నాకు మిగిలింది అని చెప్పొచ్చు, ఎందుకంటే దానికి ఇంకా టైం ఉంది.

చుట్టాల సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తవదు. మా అత్తగారిది పొదిలి. రిపోర్టు సంగతి చెప్పగానే ఆవిడ, "నేను పెళ్లప్పుడే అనుకున్నా నాయనా, మా ఊరొచ్చి ఆ నీళ్లు తాగితే ఎముకలు నిలవ్వని" అంది. ఆవిడ భయంలో అర్థం ఉంది. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల మనుషుల ఎముకలు పాడవుతున్నాయని మన దేశంలో మొట్టమొదట వైద్యులు రాసింది 1937లో, అదీ మన దగ్గరి జనాన్ని చూసే. అప్పుడు పొదిలి, కనిగిరి, దర్శి వైపంతా నెల్లూరు జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చింది, ప్రకాశం అనే పేరు ఆ తర్వాతది. నడుము వంగిపోయి, మెడ తిప్పలేక తిరిగే ముసలివాళ్లని చూస్తూ పెరిగిన మనిషి ఎముక నొప్పి అనగానే నీళ్లనే అనుమానిస్తుంది. కానీ ఫ్లోరోసిస్ దారి వేరు. అందులో ఎముకలు మందంగా, గట్టిగా అవుతాయి, కీళ్ల దగ్గర పట్టుకునే నారల్లో సున్నం పేరుకుంటుంది, ఒళ్లంతా బిగుసుకుపోతుంది, దానికి ఏళ్లకేళ్లు పడుతుంది. ఒక్క తుంటి బంతికి రక్తం ఆగి గుల్ల అవడం అది కాదు. ఈ తేడా తెలియక పడమటి వైపు ఊళ్లలో 30 ఏళ్ల కుర్రాడు కుంటుతుంటే "నీళ్లు" అని వదిలేస్తారేమో అని నా భయం.

మా బాబాయి పుత్తూరు కట్టు అన్నాడు. నెల్లూరు దాటి వెళ్లి కట్టించుకొచ్చినవాళ్లు మా ఊళ్లో పదిమంది ఉంటారు. విరిగిన చేతికి కట్టు సంగతి వేరు, ఇక్కడ విరిగిందేమీ లేదు బాబాయ్, బయటి నుంచి ఏం కట్టినా లోపలికి రక్తం రాదు అని చెప్పడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

ఇక ఊరంతా అడిగిన ప్రశ్న ఒకటే. "లోపల అలవాటేమన్నా ఉందా?" నాకు లేదు, కానీ ఆ అడగడంలో ఒక సంగతి నిజం, తాగుడు ఈ జబ్బుకి రెండో పెద్ద కారణం. కాకపోతే ఎంత తాగితే అనేది ఎవరూ చెప్పరు కాబట్టి లెక్క వేద్దాం. వారానికి 400 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్ దాటితే ప్రమాదం చాలా రెట్లు పెరుగుతుందని జపాన్ వాళ్లు ఎప్పుడో చెప్పారు. క్వార్టర్ అంటే 180, అందులో ఆల్కహాల్ 42.8 శాతం, అంటే 77 మిల్లీలీటర్లు. రోజుకో క్వార్టర్ వేసేవాడికి వారానికి 540 దాకా వెళ్తుంది. వారానికి ఐదు క్వార్టర్లు వేసేవాడు గీత మీద నిలబడి ఉన్నాడు. పట్టుబడి సీజన్‌లో గుంట కట్టల మీద రాత్రుళ్లు కాపలా ఉండే కుర్రాళ్లు చాలామంది "రోజుకి ఒక్కటేగా అన్నా" అంటారు, ఆ ఒక్కటే ఇది. లివర్ గురించి భయపడతారు గానీ తుంటి గురించి ఎవరూ వినలేదు.

తర్వాత ఆ డాక్టరు దగ్గర ఎన్ని గంటలు కూర్చున్నానో, ఆ బెంచీల మీదే నేను ఎక్కువ నేర్చుకున్నాను. ఎవరెవరికి వస్తుందో పుస్తకంలో వరసగా రాస్తారు, అక్కడ మనుషులుగా కనిపిస్తారు. నా పక్కన ఒక అమ్మాయి కూర్చునేది, ముప్పై లోపే, బుగ్గల మీద ఎర్రటి మచ్చలు. లూపస్, అంటే ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు. ఆమె స్టెరాయిడ్ ఆపలేదు, ఆపితే కిడ్నీలు పోతాయి, వాడితే తుంటి పోతోంది. లూపస్‌లో జబ్బు కూడా రక్తనాళాల్ని దెబ్బతీస్తుంది కాబట్టి నెపం మొత్తం మందు మీద వెయ్యడానికీ లేదు. ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్తాను. ఇది చదివి, డాక్టరు రాసి వాడుతున్న స్టెరాయిడ్‌ని ఎవరూ ఒక్కసారిగా ఆపకండి. ఎక్కువ రోజులు వాడితే ఒంట్లో సహజంగా తయారయ్యేది నిద్రపోతుంది, అది మళ్లీ లేవకముందే మాత్ర ఆపితే ప్రాణం మీదకి వస్తుంది. తగ్గించడం డాక్టరు పని. ఆయాసానికి వాడే ఇన్‌హేలర్‌ని కూడా ఈ లెక్కలో వేసి భయపడొద్దు, అందులో మోతాదు చాలా తక్కువ, అదీ ఊపిరితిత్తుల్లోకి. భయపడాల్సింది పేరు లేని పొట్లాల గురించి. కీళ్లనొప్పులకీ ఆయాసానికీ ఊరూరా తిరిగి అమ్మే పొడులు కొన్ని ఉంటాయి, వేసుకున్న రోజే మనిషి లేచి కూర్చుంటాడు. వేరు మందు అంత త్వరగా పనిచేయదు నాయనా, లోపల ఏదో కలిపి ఉంటారు.

ఇంకో కుర్రాడు చీమకుర్తి క్వారీలో పనిచేసేవాడు. హైవే మీద బండి పడి తొడ ఎముక మెడ దగ్గర విరిగింది, స్క్రూలు వేశారు, అతికింది, పనిలోకి వెళ్లాడు. రెండేళ్లకి మళ్లీ నొప్పి. ఎముక అతికింది గానీ విరిగినప్పుడు తెగిన నాళాలు అతకలేదు. తుంటి కీలు జారినా ఇంతే, ఎంత త్వరగా, వీలైతే ఆరు గంటల లోపు, కీలు లోపలికి పెడితే అంత మంచిది. అందుకే తుంటి దగ్గర ఫ్రాక్చర్ అయినవాళ్లు అతికాక కూడా రెండు మూడేళ్లు చూపించుకుంటూ ఉండాలి, ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదన్నాడు, లేదా చెప్పినా వినలేదేమో, నాకు కాగితం మీద రాసిచ్చినా వినలేదుగా.

కిడ్నీ మార్పిడి అయినవాళ్లు వచ్చేవాళ్లు. హెచ్ఐవీ ఉన్నవాళ్లకీ, తుంటి చుట్టుపక్కల క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్నవాళ్లకీ, క్లోమం వాచినవాళ్లకీ, రక్తం త్వరగా గడ్డకట్టే గుణం పుట్టుకతో ఉన్నవాళ్లకీ ప్రమాదం ఉంటుంది. సికిల్ సెల్ ఉన్నవాళ్లకి మరీ, కొడవలి ఆకారంలోకి మారిన రక్తకణాలు ఆ సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. మన జిల్లాల్లో ఆ జబ్బు తక్కువ, మన్యం వైపు ఎక్కువ. లోతు నీళ్లలో పనిచేసి గబుక్కున పైకొచ్చే డైవర్లకీ వస్తుంది, రక్తంలో గాలి బుడగలు కట్టి. వెనకటికి వంతెనల పునాదులకి నీళ్ల అడుగున గాలి ఒత్తిడి పెట్టిన గదుల్లో పనిచేసిన కూలీలకి ఇట్టాగే వచ్చేది.

ఒకరోజు ఆరేళ్ల పిల్లవాణ్ణి తీసుకొచ్చారు. కుంటుతున్నాడు, ఎక్కడ నాయనా నొప్పి అంటే వాడూ మోకాలే చూపించాడు. నాకు ఒళ్లు జలదరించింది. పిల్లల్లో వచ్చేదాన్ని పెర్తీస్ అంటారు, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఎక్కువ, మగపిల్లల్లో నాలుగైదు రెట్లు ఎక్కువ. వాళ్లకి స్టెరాయిడ్ లేదు మందు లేదు, కారణం ఇదీ అని తెలియదు. అదృష్టం ఏమిటంటే పిల్లల ఎముకకి తిరిగి పెరిగే గుణం ఉంటుంది, చిన్న వయసులో పట్టుకుంటే బంతి మళ్లీ గుండ్రంగా తయారవ్వచ్చు. ఆ తాత "ఆటల్లో పడ్డాడనుకున్నాం సార్, రెండు నెలల నుంచి నూనె రాస్తున్నాం" అంటుంటే డాక్టరు ఏమీ అనలేదు.

నా ఆపరేషన్ల గురించి ఎక్కువ రాయను. ఎడమ వైపు కోర్ డీకంప్రెషన్, అంటే తొడ పక్క నుంచి బంతి దాకా సన్నటి రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గిస్తారు, కొత్త రక్తనాళాలకి దారి దొరుకుతుందని ఆశ. బంతి చిట్లక ముందు చేస్తేనే ఉపయోగం. ఆరు వారాలు ఆ కాలి మీద బరువు పెట్టకూడదు. వారానికోసారి అలెండ్రోనేట్ మాత్ర కూడా ఇచ్చారు, దాని మీద డాక్టర్లలోనే రెండు మాటలున్నాయి. కుడి వైపుకి ఆ దశ దాటిపోయింది కాబట్టి 2023 మొదట్లో కీలు మార్చారు. ఖర్చు రెండు లక్షల పైచిలుకు అయింది, ఆ ఏడాది రొయ్య ధర పడి రైతుల దగ్గర నా డబ్బు ఇరుక్కుపోయి ఉంది, ఆ టెన్షన్ ఆపరేషన్ టెన్షన్ కన్నా ఎక్కువ. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉన్నవాళ్లు అడ్మిట్ అవ్వకముందే ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్లని అడిగి తేల్చుకోండి, బిల్లు వేశాక అడిగి లాభం లేదు.

కొత్త కీలుతో నడక బాగుంది, నిజంగా బాగుంది, నొప్పి మూడో వారానికే పోయింది. కానీ కింద కూర్చోవద్దన్నారు. మా తమ్ముడి గృహప్రవేశంలో పీటల మీద కూర్చోవాల్సిన వాణ్ణి కుర్చీ వేసుకుని పక్కన కూర్చున్నాను, పంతులుగారు ఏమీ అనలేదు, పెద్దమ్మ మాత్రం నా వైపు చూసి కళ్లు తుడుచుకుంది. బాసింపట్టు లేదు, నేల మీద విస్తరి లేదు, ఊళ్లో చుట్టాలింటికి వెళ్లాలంటే ముందు ఫోన్ చేసి బాత్రూంలో వెస్టర్న్ ఉందా అని అడగాలి. ఈ కీలు ఇరవై ఏళ్లు వస్తే గొప్ప అనుకుందాం, నాకు అప్పటికి అరవై కూడా నిండవు, ఇంకోసారి మార్చాలి.

ఎడమది ఇప్పటికి నిలబడి ఉంది. క్రమం తప్పకుండా ఫొటో తీయించుకుంటున్నాను.

ఈ పోస్టు రాయడానికి కారణం మొన్న శుక్రవారం వచ్చిన ఫోన్. కొత్తపట్నం వైపు నా దగ్గర మేత తీసుకునే కుర్రాడు, 34 ఏళ్లు, కోవిడ్ ఏమీ లేదు, రాత్రి కాపలా మనిషి. బాకీ గురించి మాట్లాడుతూ మధ్యలో "మోకాలు పట్టేసిందన్నా, నాలుగు రోజుల్లో వచ్చి కడతా" అన్నాడు. ఏ మోకాలు, ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. వేసవి నుంచి అట. సూది వేయించుకుంటే రెండు రోజులు బాగుంటుందట.

"నీ కాలి గోళ్లు నువ్వే కత్తిరించుకుంటున్నావా?" అన్నాను.

కాసేపు అవతల నుంచి ఏరేటర్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. "మా ఆవిడ కత్తిరిస్తా ఉంది. ఎవరు చెప్పారన్నా నీకు?"

ఎక్స్‌రే తీయించావా అంటే తీయించాను, నార్మల్ అన్నారు అన్నాడు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఒంగోలు బస్టాండు దగ్గర ఉండమన్నాను. బాకీ సంగతి తర్వాత.